'వండాలి'లో ఉన్న ఆలి

దినపత్రికల ఆరోగ్యం పేజీల్లో గుండెజబ్బు వ్యాసం ఏడాదికి నాలుగైదుసార్లయినా వస్తుంది. గుండెపోటు వచ్చి, స్టెంటు వేయించుకునో బైపాస్ చేయించుకునో ఇంటికి చేరిన మనిషి ఏం తినాలో అందులో చెబుతారు. ఉప్పు తగ్గించాలి. వేపుళ్లు మానేయాలి. నెయ్యి, వనస్పతి బదులు ఆలివ్ నూనె వాడాలి. ఆకుకూరలు, పప్పులు, పండ్లు, గింజలు పెంచాలి. వారానికి రెండుసార్లు చేప వండాలి. దీన్నే మెడిటరేనియన్ డైట్ అంటారనీ, మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న దేశాల వాళ్లు ఇలా తినబట్టే వాళ్ల గుండెలు పదిలంగా ఉన్నాయనీ రాస్తారు. పక్కన రంగుల ఫొటో ఉంటుంది. బల్ల మీద టమాటాలు, ఆలివ్ కాయలు, సీసాలో పచ్చటి నూనె. ఆ ఫొటోలో మనిషి మాత్రం ఉండదు.

నేను సాహిత్యం చదువుకున్నదాన్ని. వైద్యం నా రంగం కాదు. వాక్యాలు చదవడం నా పని కాబట్టి ఈ వాక్యాల్ని కూడా అలాగే చదువుతాను. తెలుగులో 'వండుతాడు' అంటే మగవాడని తెలుస్తుంది. 'వండుతాను' అంటే ఆ మాట అన్న మనిషని తెలుస్తుంది. 'వండాలి' అంటే ఏమీ తెలియదు. ఆ క్రియకు లింగం లేదు, వచనం లేదు, పురుష లేదు. ఎవరైనా కావచ్చు. కానీ ఆ వాక్యం చదివిన ఏ తెలుగు ఇంట్లోనూ అది ఎవరికి చెప్పిన మాటో అనే సందేహం ఎవరికీ రాదు. రోగి చదివి పేపరు మడిచి భార్యకు ఇస్తాడు. 'తగ్గించాలి', 'వాడాలి', 'వండాలి' అన్న ప్రతి మాట చివరా ఒక 'ఆలి' ఉండటం వ్యాకరణరీత్యా కాకతాళీయమే. సమాజంరీత్యా మాత్రం కాదు.

ఆలివ్ నూనె మీద నాకు పగ లేదు. మధ్యధరా పద్ధతి తిండి గుండెకు మేలు చేస్తుందని చెప్పడానికి మంచి ఆధారాలే ఉన్నాయి. నా తగువల్లా ఇది: ఈ తిండిని కనిపెట్టిందీ వండిందీ ఆడవాళ్లు. దాన్ని కొలిచింది మగవాళ్ల గుండెల మీద. ఇప్పుడు మన ఇళ్లలో దాన్ని మందులాగా తయారుచేసి పెట్టాల్సిన పని మళ్లీ ఆడవాళ్లది. ఆ ఆడమనిషికే గుండెజబ్బు వస్తే ఏం చెయ్యాలో ఈ మొత్తం శాస్త్రంలోనూ, సేవల్లోనూ ఎవరూ సరిగ్గా ఆలోచించలేదు.

*

ముందు కథ ఎక్కడ మొదలైందో చూద్దాం. అమెరికాలోని మిన్నెసోటాకు చెందిన శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ 1950ల మొదట్లో ఇటలీలోని నేపుల్స్ వెళ్లాడు. అక్కడి కార్మికుల్లో గుండెజబ్బు అరుదనీ, అమెరికాలో డబ్బున్న మగవాళ్లు నడివయసులోనే గుండెపోటుతో పోతున్నారనీ గమనించాడు. తేడా తిండిలో ఉందనుకున్నాడు. 1958లో ఏడు దేశాల అధ్యయనం మొదలైంది. అమెరికా, ఫిన్లాండ్, నెదర్లాండ్స్, ఇటలీ, యుగోస్లావియా, గ్రీసు, జపాన్ దేశాల్లో 40 నుంచి 59 ఏళ్ల మధ్య వయసున్న పన్నెండు వేలకు పైగా మనుషుల్ని ఏళ్ల తరబడి పరిశీలించారు. వాళ్లంతా మగవాళ్లే. ఒక్క స్త్రీ కూడా లేదు. ఆ వయసు ఆడవాళ్లలో గుండెపోటు తక్కువ కాబట్టి లెక్క తేలడం కష్టమని దానికి కారణం. కారణం అర్థం చేసుకోదగ్గదే. ఫలితం కూడా అర్థం చేసుకోవాలి కదా. కొన్ని ఊళ్లలో ఇళ్లకు వెళ్లి మగవాళ్లు తిన్న తిండిని తూకం వేసి రాసుకున్నారు. ఆ తిండి వండిన వాళ్ల గుండెల జోలికి మాత్రం పోలేదు.

ఈ కథలో మార్గరెట్ కీస్ అనే ఇంకొక మనిషి ఉంది. ఆమె జీవరసాయన శాస్త్రవేత్త. 1952లో నేపుల్స్‌లో రక్తంలో కొలెస్ట్రాల్ కొలిచింది ఆమె. ఆ తిండి ఎలా వండుకోవాలో చెప్పే పుస్తకాలు 1959లో ఒకటి, 1975లో ఒకటి భార్యాభర్తల ఇద్దరి పేర్ల మీదా వచ్చాయి. 1961లో టైమ్ పత్రిక ముఖచిత్రం మీదకు ఎక్కింది ఆన్సెల్ ఒక్కడే. మధ్యధరా తిండికి పితామహుడు ఎవరని అడిగితే ఈనాటికీ ఆయన పేరే చెబుతారు. మాతామహి మాట ఎత్తరు.

క్రీటు ద్వీపం మాటా చెప్పుకోవాలి. ఏడు దేశాల అధ్యయనంలో అందరికన్నా ఆరోగ్యంగా కనిపించిన గుండెలు క్రీటు మగవాళ్లవి. వాళ్ల తిండే ఆదర్శం అయింది. అంతకు ముందే, 1948లో, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ తరఫున అక్కడ ఒక సర్వే జరిగింది. యుద్ధమూ ఆక్రమణా దాటి బయటపడిన పేద ద్వీపం అది. మీ తిండిలో ఏం పెరగాలని అడిగితే ఎక్కువ కుటుంబాలు మాంసం కావాలన్నాయి. అంటే ఇవాళ మనకి ఆదర్శంగా చూపిస్తున్న కంచం వాళ్లు కోరి ఎంచుకున్నది కాదు. లేమిలో, కొండవాలు పొలాల్లో, ఆడవాళ్లు ఏరుకొచ్చిన అడవి ఆకులతో, ఎండబెట్టిన రొట్టెతో, సొంత చెట్ల నూనెతో నెట్టుకొచ్చిన వంట అది. ఆలివ్ కాయలు కోతకొచ్చినప్పుడు నేల మీద వంగి కాయలు ఏరిన నడుములు కూడా ఆ నూనెలో ఉన్నాయి. 2010లో యునెస్కో మధ్యధరా తిండిని మానవాళి సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. దాన్ని తరం నుంచి తరానికి అందిస్తున్నది ముఖ్యంగా స్త్రీలే అని కూడా ఒప్పుకుంది. పనికి కూలి ఇవ్వనప్పుడు బిరుదు ఇవ్వడం అన్ని దేశాల్లోనూ ఉన్న ఆచారమే.

*

ఇక గుండెజబ్బు వచ్చిన తరవాతి సంగతి. ఆరోగ్యం పేజీల్లో 'పరిశోధనల్లో రుజువైంది' అనే మాట తరచుగా ఉంటుంది. ఏ పరిశోధన, ఎవరి మీద, ఏ నూనెతో అన్నది ఉండదు. మూడు ముఖ్యమైన పరిశోధనలు ఉన్నాయి. మూడూ చదవాల్సినవే.

మొదటిది ఫ్రాన్సులోని లియోన్ నగరంలో జరిగింది. మొదటిసారి గుండెపోటు వచ్చి బతికిన 605 మందిని తీసుకుని సగం మందికి క్రీటు పద్ధతి తిండి చెప్పారు. 1994లో మొదటి ఫలితాలు, 1999లో తుది నివేదిక వచ్చాయి. రెండో గుండెపోటు, మరణం బాగా తగ్గాయి. గుండెజబ్బు వచ్చినవాళ్లకి ఈ తిండి మంచిదని చెప్పేటప్పుడు అందరూ ముందు చూపించేది దీన్నే. ఇందులో రోగులకు ఇంటికి ఇచ్చి పంపిన కొవ్వు ఆలివ్ నూనె కాదు. కనోలా నూనెతో ప్రత్యేకంగా తయారుచేయించిన మార్గరిన్. ఫ్రెంచి ఇళ్లలో రోగులు ఆలివ్ నూనె ఒక్కదానితోనే సరిపెట్టుకోలేరని పరిశోధకులే ఆ దారి వెతికారు. ఎంత మర్యాద! అక్కడ శాస్త్రం ఇంటివాళ్ల రుచి ఏమిటో అడిగింది. ఆ అధ్యయనంలో కూడా పదింట తొమ్మిది మంది మగవాళ్లే.

రెండోది స్పెయిన్‌లో జరిగిన ప్రెడిమెడ్. 7,447 మంది. ఆలివ్ నూనెకు ఇంత పేరు రావడానికి కారణం ఇదే. ఇందులో సగం కన్నా ఎక్కువ మంది స్త్రీలు ఉన్నారు, ఆ మేరకు మెచ్చుకోవాలి. కానీ వీళ్లెవరికీ అప్పటికి గుండెజబ్బు లేదు. మధుమేహమో, రక్తపోటో, పొగతాగే అలవాటో ఉండి, రాబోయే ప్రమాదం ఎక్కువగా ఉన్నవాళ్లు. స్టెంటు వేయించుకున్న మనిషికి ఈ ఫలితాన్ని చూపించి సీసా అమ్మడం ఒక రకం మాయ. పైగా ఒక బృందం వాళ్లకి కుటుంబమంతటికీ సరిపడేలా వారానికి లీటరు ఎక్స్‌ట్రా వర్జిన్ నూనె ఉచితంగా ఇచ్చారు. ఆ నూనెను విరాళంగా ఇచ్చింది స్పెయిన్ ఆలివ్ ఉత్పత్తిదారులు.

ప్రెడిమెడ్ విషయంలో ఇంకొక ముచ్చట ఉంది. 2013లో వెలువడిన వ్యాసాన్ని 2018లో వెనక్కి తీసుకుని, లెక్కలు మళ్లీ వేసి తిరిగి ప్రచురించారు. ఎవరికి ఏ తిండి అన్నది చీటీ వేసినట్టు యాదృచ్ఛికంగా తేల్చాలి. కొన్నిచోట్ల అలా జరగలేదు. ఒకే ఇంట్లోంచి రెండో మనిషి చేరినప్పుడు చీటీ వేయకుండా మొదటివాళ్ల బృందంలోనే వేసేశారు. అలాంటివాళ్లు 400కు పైగా ఉన్నారు. తిరిగి లెక్కకట్టినా ఫలితం దాదాపు అలాగే నిలబడింది, అది వేరే సంగతి. నాకు ఆసక్తి కలిగించింది ఆ పొరపాటే. గణాంకశాస్త్రం ఒకే ఇంట్లో ఇద్దరికి రెండు రకాల తిండి పెట్టమంటుంది. ఇల్లు అలా నడవదు. ఒక పొయ్యి మీద రెండు వంటలు చెయ్యాలంటే ఎవరో ఒకరు రెట్టింపు పని చెయ్యాలి. ప్రపంచంలోని పెద్ద పత్రికల్లో ఒకటి అచ్చయిన వ్యాసాన్ని వెనక్కి తీసుకునేదాకా వచ్చిన ఈ చిక్కుని మన ఆడవాళ్లు రోజూ పొద్దున ఆరింటికి చప్పుడు చేయకుండా పరిష్కరిస్తున్నారు.

మూడోది 2022లో లాన్సెట్‌లో వచ్చింది. స్పెయిన్‌లోని కోర్డొబాలో, అప్పటికే గుండెజబ్బు ఉన్న 1,002 మందిని ఏడేళ్లు చూశారు. కొందరికి ఆలివ్ నూనెతో మధ్యధరా తిండి, కొందరికి కొవ్వు తగ్గించిన తిండి. మన ప్రశ్నకు సూటిగా జవాబిచ్చేది ఇదే. మధ్యధరా తిండి తిన్నవాళ్లలో మళ్లీ గుండెపోటు, పక్షవాతం లాంటివి తగ్గాయి. ఎవరిలో? మగవాళ్లలో. 1,002 మందిలో స్త్రీలు 175 మందే. వాళ్లలో రెండు రకాల తిండికీ మధ్య తేడా కనిపించలేదు. ఆలివ్ నూనె ఆడవాళ్లకు పనిచేయదని దీనర్థం కాదు. పనిచేస్తుందో లేదో తేల్చడానికి సరిపడా ఆడవాళ్లను తీసుకోలేదని అర్థం. వార్తాపత్రికల్లో 'హృద్రోగులకు' అని శీర్షిక పెడతారు. తెలుగులో 'రోగి' అన్నా లింగం తెలియదు. అది కూడా 'వండాలి' లాంటి మాటే.

*

మా ఇంటి సంగతి చెబుతాను. ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదని తెలుసు కాబట్టే చెబుతున్నాను.

మా నాన్నకు 2015లో గుండెపోటు వచ్చింది. రెండు స్టెంట్లు వేశారు. ఇంటికి పంపేరోజు డైటీషియన్ వచ్చింది. మంచం మీద కూచున్న నాన్నను దాటి వెళ్లి, మూల నిలబడ్డ అమ్మ చేతికి కాగితం ఇచ్చింది. "చూడండమ్మా, సార్ ఆరోగ్యం ఇక మీ చేతుల్లోనే ఉంది" అంది. ఆ రోజు నుంచి ఏడేళ్లు అది నిజంగానే అమ్మ చేతుల్లో ఉంది. నాన్నకు ఉప్పు తక్కువ పప్పు, మిగతావాళ్లకు మామూలు పప్పు. నాన్నకు ఆలివ్ నూనెతో కూర, మాకు వేరుశనగ నూనెతో కూర. రెండు బాణళ్లు, రెండు పోపులు. పోపులో ఆలివ్ నూనె వాసన నాన్నకు పడేది కాదు. కంచం పక్కకు నెట్టేవాడు. అమ్మ మెంతులు పెంచి, ఇంగువ పెంచి, చివర నిమ్మకాయ పిండి ఆ వాసనను లొంగదీసింది. ఆ కాగితంలో నిమ్మకాయ, ఇంగువ గురించి ఒక్క ముక్క లేదు. ఇది పరిశోధన కాదా? ఏడేళ్లపాటు ఒకే ఒక మనిషి మీద, రోజుకు మూడుపూటలా జరిగిన ప్రయోగం కాదా?

ఆ ఖరీదైన నూనె అమ్మ ఎప్పుడూ తినలేదు. "ఆయనకు మందు కదే, నాకెందుకు" అనేది. నాన్న వదిలేసిన కూర మధ్యాహ్నం ఆవకాయ కలుపుకుని తినేది. ఎక్స్‌ట్రా వర్జిన్ లీటరు పెట్టి అయిదు లీటర్ల వేరుశనగ నూనె కొనొచ్చని ఆమె లెక్క. ఆ లెక్కలో తప్పు లేదు. ఒక పింఛను మీద నడిచే ఇంట్లో ఎవరి ఒంట్లోకి ఏ నూనె పోవాలన్నది కొలెస్ట్రాల్‌ని బట్టి కాక ఇంట్లో స్థానాన్ని బట్టి నిర్ణయం అవుతుంది.

2022 వేసవిలో అమ్మకు ఆయాసం మొదలైంది. దవడ లాగేది. వీపు మధ్యన నొప్పి. మెట్లు ఎక్కితే నడుం పట్టుకుని కూచునేది. చూపిస్తే గ్యాస్ అన్నారు. మాత్రలిచ్చారు. మళ్లీ వెళితే వయసన్నారు, టెన్షనన్నారు. 'ఇంట్లో పేషెంటుని చూసుకుంటున్నారు కదా, అలసట ఉంటుంది' అని ఓదార్చారు కూడా. మూడు నెలలు గడిచాక యాంజియోగ్రామ్ తీశారు. రెండు రక్తనాళాలు పూడుకుపోయి ఉన్నాయి.

1991లో బెర్నడీన్ హీలీ అనే గుండె వైద్యురాలు ఒక వైద్య పత్రికలో సంపాదకీయం రాసింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు తొలి మహిళా డైరెక్టర్ ఆమె. ఆమె ఈ జబ్బుకి పెట్టిన పేరు 'యెంటిల్ సిండ్రోమ్'. యెంటిల్ అంటే ఐజాక్ బషేవిస్ సింగర్ కథలో అమ్మాయి. ఆడపిల్లలకు నిషేధించిన శాస్త్రాలు చదువుకోవడానికి మగవేషం వేస్తుంది. స్త్రీ గుండెజబ్బుకు వైద్యం దొరకాలంటే ముందు ఆ జబ్బు మగవాడి జబ్బులా కనబడి తీరాలని హీలీ అన్నది. గుండె మీద చెయ్యి వేసుకుని, చెమటలు పట్టి కుప్పకూలే దృశ్యం సినిమాల్లో మనకు తెలుసు. ఆ చెయ్యి ఎప్పుడూ మగవాడిదే. ఛాతీనొప్పి ఆడవాళ్లకూ వస్తుంది. దానితోపాటు, ఒక్కోసారి అది లేకుండానే, ఆయాసం, దవడనొప్పి, వెన్నునొప్పి, వికారం, విపరీతమైన నీరసం మగవాళ్లలో కన్నా ఎక్కువగా కనిపిస్తాయని ఇప్పుడు అందరికీ తెలుసు. తెలిసినా ఆడమనిషి నీరసం జబ్బు లక్షణంగా కాక ఆమె స్వభావంగా లెక్కలోకి వస్తోంది.

అమ్మకు స్టెంట్లు వేశారు. ఇంటికి పంపేరోజు మళ్లీ అదే కాగితం. మళ్లీ ఆలివ్ నూనె, మళ్లీ గింజలు, మళ్లీ 'వండాలి'. ఈసారి డైటీషియన్‌కు ఆ కాగితం ఎవరి చేతికి ఇవ్వాలో తెలియలేదు. గదిలో నాన్న ఉన్నాడు. ఆయన చేతికి ఇవ్వాలని ఆమెకు తోచలేదు. తీసుకోవాలని ఆయనకూ తోచలేదు. "కోడలుందా అమ్మా?" అని అడిగింది. కోడలు పుణెలో ఉద్యోగం చేస్తోంది. చివరికి ఆ కాగితం పడుకుని ఉన్న అమ్మ చేతికే ఇచ్చింది. ఇరవయ్యో రోజున అమ్మ తన పథ్యం తానే వండుకుంది. దాంతోపాటు నాన్న పథ్యం కూడా.

పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో గృహిణి ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరు మరిచిపోతుంది. అది చదివి మా తరం ఆడపిల్లలం చాలా మాట్లాడుకున్నాం, సెమినార్లలో పత్రాలు చదివాం. ఆస్పత్రి కాగితాలు రాసేవాళ్లు ఆ కథ చదవలేదు. వాళ్ల వాక్యాల్లో ఆమె పేరు ఇంకా గుర్తుకు రాలేదు.

*

ఇక్కడ ఇంకోవైపు నుంచి ఒక గొంతు వినబడుతుంది. 'ఈ విదేశీ నూనెలన్నీ దండగ, మన అమ్మమ్మల తిండికి తిరిగి వెళ్లాలి, గానుగ నూనె వాడాలి, కొర్రలు, అరికలు తినాలి' అంటుంది. యూట్యూబులో, పెళ్లిళ్లలో, పార్కుల్లో ఈ గొంతు చాలా గట్టిగా ఉంది. ఇందులో కొంత నిజం ఉంది. ఆలివ్ నూనెలో నూటికి డెబ్బై పాళ్ల దాకా ఉండే ఒలియిక్ ఆమ్లం మన వేరుశనగ నూనెలో సగానికి అటూఇటూ, నువ్వుల నూనెలో నలభై పాళ్ల దాకా ఉంటుంది. ఒకే నూనెను పట్టుకు కూచోకుండా రెండుమూడు రకాలు మార్చి వాడమనీ, మొత్తం మీద తక్కువ వాడమనీ హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతూనే ఉంది. మన దుకాణాల్లో 'భారతీయ వంటలకు అనువైనది' అని అమ్మే ఆలివ్ పోమస్ నూనె అసలు పిండిన నూనే కాదు. పిండేశాక మిగిలిన పిప్పి నుంచి రసాయనాలతో లాగి, శుద్ధి చేసి, కాస్త మంచి నూనె కలిపింది. ఎక్స్‌ట్రా వర్జిన్‌కు పేరు తెచ్చిన పాలీఫినాల్స్ అందులో చాలామటుకు మిగలవు. 'లైట్' అని రాసి ఉంటే రంగూ వాసనా తేలిక అని. కొవ్వు తేలిక అని కాదు. ఏ నూనె అయినా గ్రాముకు తొమ్మిది కేలరీలే. పాత కూరలో పైన ఇంత పోసుకుంటే గుండె బాగుపడదు. మధ్యధరా తిండి అంటే మొత్తం కంచం.

ఆకుల మాటకొస్తే, క్రీటువాళ్లు తినే ఆకుల్లో ఒకటి మన గంగవాయిలి కూర. తెలంగాణలో పాయిలి కూర అనీ అంటారు. అందులో ఒమేగా-3 కొవ్వు ఆమ్లం ఎక్కువగా ఉందని గ్రీసులో పుట్టిన వైద్యురాలు ఆర్టెమిస్ సిమోపౌలోస్ సహపరిశోధకుడితో కలిసి 1986లో ప్రకటించింది. జహీరాబాద్ ప్రాంతంలో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు సాగు చేయకుండా చేనులో దానంతటదే మొలిచే ఇలాంటి ఆకుల్ని పేరుపేరునా చెప్పి నమోదు చేయించారు. గంగవాయిలి గుండెకు మంచిదని చెప్పే పెద్దమనుషులు, దాన్ని ఏరిన ఆడమనిషి కులాన్నీ కూలినీ అదే వాక్యంలో చెబితే బాగుంటుంది.

స్వదేశీ తిండి గొంతుతో నా పేచీ ఇక్కడే. దాని వాక్యం కూడా 'వండాలి'తోనే ముగుస్తుంది. కొర్రలు నానబెట్టాలి, తెల్లవారి లేచి దంచాలి, పచ్చడి రోట్లో నూరాలి. అమ్మమ్మ చేతివంట అని కళ్లు తుడుచుకునేవాళ్లు అమ్మమ్మ నడుంనొప్పిని గుర్తుచేసుకోరు. 2019లో కేంద్ర గణాంకశాఖ జరిపిన సమయ వినియోగ సర్వేలో, జీతంలేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు చేస్తున్నట్టు తేలింది. అందులోనూ అసలు ఆ పని చేసే మగవాళ్లు నలుగురిలో ఒకరే. ఆలివ్ నూనె అయినా గానుగ నూనె అయినా ఆ 299 నిమిషాల మీదే పడుతుంది. విదేశీ, స్వదేశీ తగాదా సీసా మీద చీటీ గురించి. సీసా పట్టుకున్న చెయ్యి గురించి రెండు పక్షాలకూ ఏకాభిప్రాయమే ఉంది.

*

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ వచ్చింది. పేదింటి మనిషికి గుండె ఆపరేషను చేయించే ఖర్చు ప్రభుత్వం భరించడం చిన్న విషయం కాదు. రెండు రాష్ట్రాల్లోనూ ఆ బాధ్యత ఇప్పటికీ ఏదో ఒక పేరుతో కొనసాగుతోంది. కానీ వైద్యానికి రెండు భాగాలున్నాయి. ఆపరేషన్ థియేటర్లో జరిగే భాగానికి ధర కట్టారు. తరవాత ముప్పై ఏళ్లు వంటింట్లో జరగాల్సిన భాగానికి ధర కట్టలేదు, దాన్ని ప్రేమ అన్నారు. కూలికి పోయే స్త్రీ భర్తకు స్టెంటు వేసి 'చేపలు, బాదం, ఆలివ్ నూనె' అని రాసిస్తే ఆమె ఏం చెయ్యాలి? ఆ కాగితం ఆమెకు వైద్యసలహాలాగా కాక నేరారోపణలాగా వినబడుతుంది. రేపు భర్తకు మళ్లీ నొప్పి వస్తే 'సరిగ్గా పెట్టలేదా?' అని అడిగేది ఆమెనే.

ఎవరైనా అనొచ్చు: భర్త ప్రాణం మీదకు వస్తే భార్య వండిపెట్టడంలో అన్యాయం ఏముంది, ఇష్టంతో చేస్తుంది కదా అని. చేస్తుంది. మా అమ్మా ఇష్టంతోనే చేసింది. ఇష్టం ఉన్నంత మాత్రాన పని పని కాకుండా పోదు. అసలు ప్రశ్న, ఆమె మంచాన పడితే ఆ ఇష్టం ఎటునుంచి వస్తుందన్నది. మా నాన్న చెడ్డవాడు కాదు. అమ్మ ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ రాత్రుళ్లు నిద్రపోలేదు. కానీ కూర పోపు ఎలా వేయాలో డెబ్బై ఏళ్లకు ఆయనకు తెలియదు. గుండెజబ్బు మనిషి పక్కనే ఇంకొక గుండెజబ్బు మనిషి, ఇద్దరి మధ్యా ఒకే ఒక వండే మనిషి. ఇది ప్రేమకు సంబంధించిన లోపం కాదు. నేర్పకపోవడం వల్ల వచ్చిన లోపం. నేర్పితే పోతుంది.

కాబట్టి అడగాల్సినవి స్పష్టంగా అడుగుదాం. గుండెజబ్బు మీద తిండి పరిశోధన చేసేవాళ్లు ఆడవాళ్లను సగం తీసుకోవాలి. తీసుకోలేకపోతే ఫలితం మగ హృద్రోగులకు మాత్రమే అని శీర్షికలోనే రాయాలి. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు తిండి కాగితం రోగి చేతికే ఇవ్వాలి. రోగి మగవాడైతే అతనికి వంట నేర్పడం కూడా నడక, వ్యాయామం నేర్పినట్టే చికిత్సలో భాగం కావాలి. అన్నం కుక్కర్లో పెట్టడం, పప్పు ఉడికించడం, ఒక చెంచా నూనెతో పోపు వేయడం వారం రోజుల్లో వచ్చే పనులు. స్టెంటు వేయించుకున్న చాలామంది మగవాళ్లు కొద్ది వారాల్లో స్కూటరు నడుపుతున్నారు, గరిటె తిప్పలేకపోవడానికి వైద్యపరమైన కారణం ఏదీ లేదు. కాగితంలో ఉన్న నూనె కొనలేని ఇంటికి కొనగలిగిన నూనె పేరు రాయాలి. ఇంటి మొత్తానికీ ఒకే వంట ఎలా కుదురుతుందో చెప్పాలి. తక్కువ ఉప్పు, తక్కువ నూనె ఇంట్లో అందరికీ మంచిదే. అప్పుడు రెండు బాణళ్లు అక్కర్లేదు. వండే మనిషి కూడా అదే తింటుంది.

ఆడ రోగి వస్తే కేస్ షీటులో ఇంకొక గడి ఉండాలి. పొగ తాగుతారా, షుగర్ ఉందా, ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా అని అడుగుతారు. వాటి కిందే ఇంకొకటి: మీకు ఎవరు వండిపెడతారు? ఆ గడి ఖాళీగా ఉన్నంతకాలం ఆమె కాగితం మీద ఏ నూనె పేరు రాసినా ఒకటే.